టెన్నిస్ ఎల్బోకి రెండో స్టెరాయిడ్ సూదా, పీఆర్‌పీయా?

ప్రశ్న: మా అమ్మకి 48 ఏళ్లు. పుత్తూరు దగ్గర పల్లెలో ఉంటాం. రోజూ రెండు పూటలా మూడు ఆవుల పాలు చేత్తోనే పిండుతుంది. షుగర్ ఉంది, మొన్న చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.4. కుడి మోచేయి బయటి వైపు నొప్పి మొదలై ఏడు నెలలైంది. నాలుగు నెలల కింద స్టెరాయిడ్ సూది వేయించాం. ఆరు వారాలు హాయిగా ఉంది, ఆ తర్వాత ముందుకంటే ఎక్కువైంది. తిరుపతిలో ఒక డాక్టరు మళ్లీ అదే సూది వేద్దామంటున్నారు, ఇంకొకరు పీఆర్‌పీ అంటున్నారు. రెండింటిలో ఏది మంచిది? వేరే సూదులు ఏమైనా ఉన్నాయా?

జవాబు:

అమ్మగారికి రెండో స్టెరాయిడ్ సూది వేయించొద్దండి. పీఆర్‌పీ, అంటే సొంత రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల సూది, వేయించడం తప్పు కాదు గానీ, ఇప్పటికిప్పుడు దాని అవసరం లేదు. మీరు రాసినదాంట్లో సూదుల మాట ఉంది, చేతికి బలం పెంచే వ్యాయామం మాట ఎక్కడా లేదు. అది పన్నెండు వారాలు సక్రమంగా చేయించకముందే ఏ సూది మేలని చూడటం తొందరపాటు అవుతుంది. అయినా మీరు అడిగింది సూదుల గురించి కాబట్టి ఒక్కొక్కటే చెప్తాను. ఎవరు ఏ సూది గురించి చెప్పినా మీరు ముందు అడగాల్సింది ఒకటే: ఎన్ని వారాల తర్వాతి ఫలితం చెప్తున్నారు? ఆరు వారాలప్పుడు చూస్తే గెలిచే సూది వేరు, ఏడాదికి చూస్తే గెలిచేది వేరు. టెన్నిస్ ఎల్బో విషయంలో ఈ తేడా చాలా పెద్దది.

నొప్పి ఎక్కడ పుడుతోందో ముందు తెలియాలి. మణికట్టును పైకి లేపే కండరాలు ముంజేతి వెనక వైపు ఉంటాయి. అవి మోచేయి బయటి వైపున్న ఎముక బుడిపెకి టెండన్‌తో, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి భాగంతో, అతుక్కుని ఉంటాయి. వాటిలో ఈసీఆర్‌బీ అనే కండరం తాలూకు టెండనే ముఖ్యంగా దెబ్బతింటుంది. పిడికిలి బిగించిన ప్రతిసారీ మణికట్టు కిందికి వాలిపోకుండా నిలబెట్టేది ఇదే. అందుకే టెన్నిస్ రాకెట్ ఎన్నడూ ముట్టనివాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. పాలు పిండేవాళ్లయినా, మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లయినా, తిరుమల కల్యాణకట్టలో గంటల తరబడి కత్తి పట్టేవాళ్లయినా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయలు కోసే ఆడవాళ్లయినా ఆ టెండన్ మీద పడే భారం ఒకే రకంది.

దీన్ని వాపు జబ్బు అనుకోవడం దగ్గరే చాలా చికిత్సలు దారి తప్పుతాయి. నెలలు దాటిన టెన్నిస్ ఎల్బోలో వాపు కణాలు దాదాపు ఉండవు. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే అమెరికన్ సర్జన్లు ఆపరేషన్లు చేసినప్పుడు ఆ చోట చూసింది చిక్కుపడిన కొల్లాజెన్ (టెండన్‌కి బలమిచ్చే ప్రోటీన్) పోగులను, అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చిన సన్నటి రక్తనాళాలను. ఆవును కట్టిన పగ్గం గుంజ దగ్గర ఒరుసుకుని ఒరుసుకుని పోగులు లేచిపోతుంది చూడండి, లోపల స్థితి అలా ఉంటుంది. అక్కడ జరగాల్సింది పోగులు మళ్లీ గట్టిపడటం. వాపు తగ్గించే మందు ఆ పని చేయలేదు.

సూది సంగతికి ముందు ఒక పరీక్ష. అమ్మగారిని మోచేయి చాచి, అరచేయి కిందికి ఉంచి, నిండు పాల చెంబునో కుర్చీనో పైనుంచి పట్టి లేపమనండి. ఎముక బుడిపె మీదే, లేదా దానికి వేలెడు కిందే నొప్పి పుడితే అది టెన్నిస్ ఎల్బోనే అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యవేలిని పైకి లేపమని మీరు దాన్ని కిందికి నొక్కినప్పుడూ అదే చోట నొప్పి రావాలి. అలా కాకుండా బుడిపెకి మూడు నాలుగు వేళ్ల కింద, కండరం మధ్యలో లోతుగా నొప్పి ఉంటే అక్కడ రేడియల్ నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. మెడ తిప్పితే చేతిలోకి నొప్పి పాకినా, బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కినా మెడ ఎముకల వైపు చూడాలి. మోచేయి పూర్తిగా చాపలేకపోతే, లోపల ఇరుక్కున్నట్టు పట్టేస్తుంటే కీలు సమస్య. వీటిలో ఏది ఉన్నా బుడిపె దగ్గర ఎన్ని సూదులు పొడిచినా ఉపయోగం ఉండదు. షుగర్ ఉన్నవాళ్లలో నరాల సమస్య కూడా కలిసి ఉండే అవకాశం ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా వదలొద్దు. ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. అల్ట్రాసౌండ్ చేయిస్తే టెండన్ ఎంత మందమైందో, చీలిక ఉందో లేదో తెలుస్తుంది. ఒకసారి స్టెరాయిడ్ పడిన చేయి కాబట్టి ఇంకే సూదికైనా ముందు ఆ స్కాన్ తప్పనిసరిగా చేయించండి.

ఇక స్టెరాయిడ్. మామూలుగా వాడేది ట్రయామ్సినోలోన్ లేదా మిథైల్ ప్రెడ్నిసోలోన్. 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. దానికి ఒక మిల్లీలీటరు లిగ్నోకెయిన్ అనే మత్తుమందు కలుపుతారు. మోచేయి లంబకోణంలో మడిచి, అరచేయి కిందికి ఉంచి, సన్నటి సూదితో బుడిపె ముందువైపు, టెండన్ కిందికి మందు చేరేలా ఎక్కిస్తారు. నెట్టేటప్పుడు గట్టిగా అడ్డు తగిలితే సూది మొన టెండన్ లోపల ఉన్నట్టు. అప్పుడు బలవంతంగా నెట్టకూడదు, కొద్దిగా వెనక్కి లాగాలి. చర్మం కింద పైపైనే మందు వదిలేస్తే వేరే ఇబ్బంది. ఆ చోట కొవ్వు కరిగి గుంట పడుతుంది, చర్మం తెల్లబారుతుంది. మోచేయి బుడిపె మీద చర్మం పలుచన కాబట్టి ఇది అరుదేమీ కాదు. మన చామనఛాయ చర్మం మీద ఆ తెల్లమచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సూది వేసిన కొన్ని వారాలకి మొదలై, పోవడానికి నెలలు పడుతుంది, కొందరిలో పూర్తిగా పోదు. ట్రయామ్సినోలోన్ తొందరగా కరగని మందు, అందుకని దానితో ఈ మచ్చలు ఎక్కువ. అమ్మగారి మోచేతి మీద ఇప్పటికే రంగు తగ్గిన చోటు ఉందేమో చూడండి. ఉంటే అదే చోట మళ్లీ వేయడానికి ఎవరూ ఒప్పుకోకూడదు.

ఫలితం ఎలా ఉంటుందో చెప్పే అధ్యయనాల్లో మూడు బాగా గట్టివి. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి స్టెరాయిడ్, ఒక గుంపుకి ఫిజియోథెరపీ, మూడోవాళ్లకి జాగ్రత్తలు చెప్పి ఊరికే వేచి ఉండమన్నారు. ఆరు వారాలకి స్టెరాయిడ్ గుంపులో 92 శాతం మంది బాగుపడ్డారు. ఫిజియోథెరపీలో 47, ఊరికే ఉన్నవాళ్లలో 32 శాతం. ఇక్కడితో ఆపితే స్టెరాయిడ్‌ని మించింది లేదు. కానీ ఏడాదికి లెక్క తిరగబడింది: స్టెరాయిడ్ 69, ఫిజియోథెరపీ 91, ఏమీ చేయనివాళ్లు 83 శాతం. ఏ సూదీ వేయించుకోనివాళ్లు సూది వేయించుకున్నవాళ్లకంటే బాగున్నారు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మంది మీద చేసిన అధ్యయనంలో స్టెరాయిడ్‌తో మొదట తగ్గినవాళ్లలో 72 శాతం మందికి నొప్పి తిరిగి వచ్చింది. 2013లో అదే దేశంలో 165 మందితో ఇంకొకటి చేశారు. ఉత్త సెలైన్ (ఉప్పునీళ్ల) సూది వేసినవాళ్లలో నొప్పి తిరగబెట్టింది 12 శాతం మందికైతే, స్టెరాయిడ్ వేసినవాళ్లలో 54 శాతం మందికి. స్టెరాయిడ్‌తో పాటు ఫిజియోథెరపీ కూడా చేయిస్తే నష్టం పూడుతుందనుకున్నారు, అదీ జరగలేదు.

అమ్మగారికి జరిగింది అచ్చంగా ఇదే. ఆరు వారాల హాయి, ఆ తర్వాత ఎక్కువ నొప్పి. ఇది సూది సరిగ్గా పడకపోవడం వల్ల కాదు, ఆ మందు స్వభావమే అంత. స్టెరాయిడ్ నొప్పి పుట్టించే రసాయనాలను అణుస్తుంది, దాంతో పాటు కొల్లాజెన్ తయారుచేసే కణాలను కూడా నెమ్మదింపజేస్తుంది. టెండన్ ఇంకా బలహీనంగానే ఉంటుంది కానీ నొప్పి తెలియదు కాబట్టి మనిషి మూడు ఆవుల పాలూ మళ్లీ మొదలుపెడతారు. మామిడి సీజన్‌కి ముందు సూది వేయించుకుని జూన్, జూలై అంతా ఫ్యాక్టరీలో కత్తి పట్టేవాళ్లు సీజన్ అయిపోయేసరికి ఇంకా చెడిపోయిన చేతితో వచ్చేది కూడా ఇందుకే. రెండో సూది మొదటిదానికంటే తక్కువ రోజులు పనిచేయడం, మూడోదానికి అసలు తగ్గకపోవడం మామూలుగా కనిపించే వరస. పదే పదే పొడిస్తే టెండన్ తెగడం, దాని కిందున్న లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే కట్టు) పాడై మోచేయి పట్టు తప్పడం కూడా జరుగుతుంది. అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

దీనికి షుగర్ తోడైంది. ఒక్క స్టెరాయిడ్ సూదితోనే మరుసటి రోజు నుంచి షుగర్ పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండి, తగ్గడానికి వారం దాకా పట్టొచ్చు. హెచ్‌బీఏ1సీ 8.4 ఉన్న మనిషికి 300 దాటినా ఆశ్చర్యం లేదు. పోయినసారి సూది తర్వాత అమ్మగారు విపరీతంగా దాహం వేసిందనో, రాత్రుళ్లు చాలాసార్లు లేవాల్సి వచ్చిందనో చెప్పి ఉంటే కారణం ఇదే కావచ్చు.

స్టెరాయిడ్ ఎవరికీ పనికిరాదని కాదు. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి, పని నుంచి ఒకటి రెండు నెలలు నిజంగా సెలవు తీసుకోగలిగి, షుగర్ లేనివాళ్లకి ఒక్కసారి వేయడం న్యాయమే. ఆ ఒక్కసారి వేసేటప్పుడు కూడా ఏడాది తర్వాతి లెక్క వాళ్లకి చెప్పి వేయాలి. అది చెప్పకుండా 'ఒక సూదితో తగ్గిపోతుంది' అనడం రోగికి చేసే అన్యాయం అని నా గట్టి అభిప్రాయం.

పీఆర్‌పీ సంగతి వేరు. మన రక్తాన్నే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని విడదీసి టెండన్‌లోకి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పెరుగుదల కారకాలు పోగులను మళ్లీ కట్టుకునేలా చేస్తాయన్నది దీని వెనకున్న ఆలోచన. చేయి నరం నుంచి 20 నుంచి 30 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ ద్రవం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. మొదటిసారి నెమ్మదిగా తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి చేరతాయి. పైన తేలిన ద్రవాన్ని వేరే ట్యూబులోకి తీసి ఇంకా వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుక్కి దిగుతాయి. పైనున్న పలుచటి ప్లాస్మాని తీసేయగా మిగిలిన రెండు మూడు మిల్లీలీటర్లే పీఆర్‌పీ. మామూలు రక్తంలో కంటే ప్లేట్‌లెట్లు మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి. దాన్ని ఒకే చోట వదిలేయరు. చర్మం మీద ఒకే రంధ్రం నుంచి సూదిని కొద్దిగా వెనక్కి లాగుతూ, దిశ మారుస్తూ టెండన్‌లో చాలా చోట్ల పొడుస్తూ ఎక్కిస్తారు.

ఇది తేడా కొట్టేది ఎక్కడంటే, ముందు తయారీలో. ఒక్కసారే తిప్పి పైన తేలిన పసుపు ద్రవాన్ని ఎక్కించేస్తే అందులో ప్లేట్‌లెట్లు రెండు రెట్లు కూడా ఉండకపోవచ్చు. అలాంటిదానికి పీఆర్‌పీ ధర కట్టడం దండగ. ట్యూబు మూతలు తీసి గాలిలో పెట్టి సిరంజిలతో అటూ ఇటూ మార్చే చోట క్రిములు చేరే ప్రమాదం ఉంది, షుగర్ ఉన్న మనిషి విషయంలో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. మూతలు తీయాల్సిన పనిలేని కిట్ వాడుతున్నారా అని అడగండి. రెండోది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ప్లేట్‌లెట్ల పనిని అణుస్తాయి. అందుకని సూదికి వారం ముందు, రెండు వారాలు తర్వాత వాటిని ఆపాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే 'ఒళ్లు నొప్పుల మాత్ర'లో చాలావరకు ఇవే ఉంటాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకుంటుంటే మాత్రం గుండె డాక్టరుని అడక్కుండా ఆపొద్దు. మూడోది, లిగ్నోకెయిన్‌ని పీఆర్‌పీలో కలిపేయడం. మత్తు చర్మానికి ఇవ్వాలి, టెండన్‌లోకి వెళ్లే ద్రవంలో కలపకూడదు. నాలుగోది మనవాళ్ల తొందర. పీఆర్‌పీ తర్వాత మొదటి మూడు నాలుగు రోజులు, కొందరికి వారం దాకా, నొప్పి ముందుకంటే పెరుగుతుంది. 'సూది వికటించింది' అని భయపడి ఇంకో డాక్టరు దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుంటే చేసిందంతా వృథా. మేలు తెలియడం మొదలయ్యేది ఆరు వారాల తర్వాత, సరిగ్గా తెలిసేది మూడు నెలలకి.

మరి పనిచేస్తుందా అంటే, ఇక్కడ నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. 2010లో నెదర్లాండ్స్‌లో వందమంది మీద స్టెరాయిడ్‌నీ పీఆర్‌పీనీ పోల్చారు. మొదట్లో స్టెరాయిడ్ వాళ్లే ముందున్నారు. ఏడాదికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు పీఆర్‌పీలో 73 శాతం, స్టెరాయిడ్‌లో 49 శాతం. 2014లో అమెరికాలో 230 మందిలో, మత్తుమందుతో సూది పొడిచిన గుంపుతో పోలిస్తే ఆరు నెలలకి పీఆర్‌పీ వాళ్లు 84, ఆ గుంపువాళ్లు 68 శాతం బాగుపడ్డారు. పీఆర్‌పీ మంచిదని చెప్పేవాళ్లు చూపించే లెక్కలు ఎక్కువగా ఇవే. కానీ స్టెరాయిడ్ ఏడాదికి నష్టం చేస్తుందని ముందే చూశాం. నష్టం చేసేదానికంటే మెరుగ్గా ఉన్నంత మాత్రాన అది మందు అయిపోదు. అసలు పరీక్ష ఉత్త ఉప్పునీళ్లతో పోల్చినప్పుడు జరుగుతుంది. 2020లో ఫిన్లాండ్‌లో 119 మందికి పీఆర్‌పీ, మామూలు రక్తం, సెలైన్ ఇలా మూడు రకాలుగా ఇచ్చి చూస్తే ఏడాదికి తేడా లేదు. 2021లో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ 32 అధ్యయనాలు, 2337 మంది వివరాలు కలిపి చూసి, సెలైన్ లాంటి ఉత్తుత్తి సూదితో పోలిస్తే పీఆర్‌పీ వల్లా, సొంత రక్తం వల్లా చెప్పుకోదగ్గ అదనపు మేలు బహుశా లేదని తేల్చింది. సెలైన్ గుంపులోనూ చాలామంది బాగుపడ్డారన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. అందులో ఎంత వంతు సూది పొడవడం వల్ల, ఎంత వంతు కాలం గడవడం వల్ల అన్నది విడదీయడం కష్టం. నా అంచనా, కాలం వంతే ఎక్కువ.

కాబట్టి పీఆర్‌పీ గురించి నేను చెప్పేది ఇది. స్టెరాయిడ్‌లాగా చెడగొట్టదు, షుగర్ పెంచదు, మచ్చ పెట్టదు. కానీ కొన్ని వేలు ఖర్చు, వారం నొప్పి, మూడు నెలల ఓపిక. అప్పుచేసి వేయించుకోవాల్సినంత గట్టి ఆధారం దీని వెనక లేదు.

సొంత రక్తాన్ని తిప్పకుండానే నేరుగా ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి వెంటనే టెండన్ దగ్గర ఎక్కిస్తారు, సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు, ఖర్చు చాలా తక్కువ. ఏడాదికి ఫలితం పీఆర్‌పీకి దాదాపు సమానం, వేసిన తర్వాత నొప్పి మాత్రం ఎక్కువ. పీఆర్‌పీకి డబ్బు లేదనుకునేవాళ్లు ఇదైనా అడగొచ్చు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఏ మందూ లేకుండా సూదితోనే దెబ్బతిన్న చోట ఇరవై ముప్ఫై సార్లు పొడిచే పద్ధతి కూడా ఉంది. పాత గాయాన్ని కొత్త గాయంగా మార్చి మానేలా చేయడం దాని ఉద్దేశం.

డెక్స్‌ట్రోజ్ సూదులు, అంటే ప్రోలోథెరపీ, నెలకొకటి చొప్పున మూడు దాకా వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకి గ్లూకోజ్ ఏమిటని భయం అక్కర్లేదు, 15 శాతం ద్రవం మూడు మిల్లీలీటర్లంటే అర గ్రాము లోపే. చిన్న చిన్న అధ్యయనాల్లో మేలు కనిపించింది గానీ గట్టిగా చెప్పేంత లేదు. కీళ్ల ద్రవంలో ఉండే జిగురు పదార్థం హయాలురోనిక్ యాసిడ్‌ని కూడా సూదిగా వేస్తారు, దాని ఖరీదుకి తగ్గ ఆధారం లేదు. బొటాక్స్ అమ్మగారికి అసలు పనికిరాదు. అది కండరాన్ని బలహీనపరుస్తుంది, మధ్యవేలు, ఉంగరం వేలు పైకి లేవకుండా వారాల తరబడి వాలిపోవచ్చు. పాలు పిండే చేతికి అది కుదరదు.

ఇప్పుడు అమ్మగారికి ఏం చేయాలంటే, ముందు పాల పని. పూర్తిగా మానేయమంటే ఇల్లు గడవదని నాకు తెలుసు, పూర్తి విశ్రాంతి టెండన్‌కి కూడా మంచిది కాదు. మొదటి ఆరు వారాలు మూడింటిలో ఒక్క ఆవుని మాత్రమే, అదీ సులువుగా చేపే ఆవుని, అమ్మగారు చూసుకోవాలి. మిగతా రెండూ మీరో, ఇంట్లో ఇంకొకరో తీసుకోండి. బొటనవేలు మడిచి చన్ను లాగే అలవాటుంటే మానిపించండి. నాలుగు వేళ్లూ గుప్పిట పట్టి, పైనుంచి కిందికి వరసగా నొక్కే పద్ధతి చేతికీ, ఆవు చన్నుకీ మంచిది. మణికట్టు వంగకుండా ముంజేతికి వరసగా నిటారుగా ఉండాలి, పీట కాస్త ఎత్తు పెంచితే అది సులువవుతుంది. క్యాను, బిందె, గడ్డిమోపు ఏది లేపినా అరచేయి పైకి ఉండేలా, మోచేయి మడిచి, ఒంటికి దగ్గరగా లేపాలి. తడి చీరలు మెలిపెట్టి పిండడం, రోలు, కొడవలి ఈ వారాల్లో వద్దు.

వ్యాయామం రెండు మెట్లు. మొదటి రెండు వారాలు కదలిక లేకుండా: ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, మణికట్టును పైకి లేపడానికి ప్రయత్నిస్తూ రెండో చేత్తో కదలకుండా అదిమి పట్టాలి. ముప్ఫై నుంచి నలభై ఐదు సెకన్లు పట్టి, నిమిషం వదిలి, ఐదుసార్లు. రోజూ రెండు పూటలా. మూడో వారం నుంచి బరువుతో: ముంజేయి బల్ల మీద, చేయి మాత్రం అంచు బయట వేలాడేలా పెట్టి అర లీటరు నీళ్ల సీసా పట్టుకోవాలి. రెండో చేతి సాయంతో మణికట్టును పైకి తెచ్చి, సాయం వదిలేసి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా కిందికి దించాలి. పన్నెండుసార్లు ఒక విడత, మధ్యలో రెండు నిమిషాలు ఆగి మూడు విడతలు, రోజు విడిచి రోజు. తేలికైపోతే లీటరు సీసా, ఆపైన కిలోన్నర. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉండొచ్చు, ఉండాలి కూడా. మర్నాడు పొద్దుటికి అది మామూలుకి రావాలి, రాకపోతే ఒక మెట్టు తగ్గించండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: నొప్పి వచ్చిందని మొదటి వారమే మానేస్తారు, లేదా నొప్పి రానంత తేలిక బరువుతో నెలలు గడుపుతారు. రెండూ దండగే.

పట్టీ కొంటే మోచేయి మీద కాకుండా, బుడిపెకి రెండు వేళ్ల కింద కండరం మీద కట్టాలి. పాలు పిండేటప్పుడు మాత్రమే. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టు.

ఈ పన్నెండు వారాల్లో షుగర్‌ని కూడా దారిలో పెట్టండి, ఎక్కువ షుగర్ ఉన్న ఒంట్లో టెండన్ మానడం నెమ్మది. నొప్పి తగ్గడం మెల్లగా ఉంటుంది కాబట్టి రోజూ అడగొద్దు. వారానికోసారి నిండు చెంబు లేపించి చూసి నొప్పి పదికి ఎంతో రాసిపెట్టండి. పన్నెండు వారాలకి ఆ అంకె సగానికి రాకపోతే అప్పుడు పీఆర్‌పీ మాట ఎత్తొచ్చు. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఎముకల విభాగం, టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి, స్విమ్స్ ఆసుపత్రి మూడూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి. ప్రైవేటులో వేల రూపాయలు కట్టేముందు వీటిలో ఒకచోట చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. ఎక్కడ వేయించినా ఎంత రక్తం తీస్తారు, ఎన్నిసార్లు తిప్పుతారు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తారా అని అడగండి. ముందుగా హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ కౌంట్, షుగర్ చూడాలి. ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉన్నా, ఎక్కడైనా చీము, జ్వరం ఉన్నా వాయిదా వేయాలి. వేసిన తర్వాత రెండు రోజులు చేతికి పని వద్దు. మూడో రోజు నుంచి మణికట్టు మెల్లగా వంచి సాగదీయడం, రెండు వారాల తర్వాత అదే సీసా వ్యాయామం మొదటి మెట్టు నుంచి, ఆరు వారాల దాకా పాలు పిండొద్దు. పీఆర్‌పీ వేయించి వ్యాయామం ఎగ్గొడితే డబ్బు పారబోసినట్టే.

ఏ సూది తర్వాతైనా రెండు మూడు రోజుల నొప్పి, పీఆర్‌పీ అయితే వారం దాకా, మామూలే. కానీ నాలుగో రోజుకి తగ్గకుండా పెరుగుతూ, చోటు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, జ్వరం వస్తే అది చీము పట్టడం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, షుగర్ ఉన్న మనిషికి ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. మణికట్టు ఉన్నట్టుండి పైకి లేవకపోయినా, మోచేయి జారుతున్నట్టు అనిపించినా అంతే. ఇవేవీ లేకుండా, అన్నీ సక్రమంగా చేసినా ఏడాది దాటి నొప్పి అలాగే ఉండి, స్కాన్‌లో పెద్ద చీలిక కనిపిస్తే అప్పుడు సర్జన్‌తో ఆపరేషన్ గురించి మాట్లాడాలి. ఆ స్థితికి వచ్చేది పదిమందిలో ఒకరికి మించరు.